బ్రదర్ అన్న మాట

మొన్న అమెరికాలో మేముండే ట్రాయ్‌లో కారు సైలెన్సర్ బాగు చేయించడానికి షెడ్డుకి వెళ్ళాను. వెల్డింగ్ పెడుతుంటే కాలిన ఇనుము వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే నాకు వాల్టర్ గుర్తొస్తాడు. ఎనభైల మొదట్లో నేను ఇంజనీరుగా చేరిన కార్ల ఫ్యాక్టరీలో అతను యూనియన్ ప్రతినిధి. భారీ మనిషి, ఉరుములాంటి గొంతు. మా మేనేజర్లకు అతనంటే హడల్.

చేరిన కొత్తలో కారు రేకులను అచ్చొత్తే ప్రెస్ దగ్గర బోల్టు వదులైతే నేనే రెంచీ తీసుకుని బిగించాను. మనవైపు దాన్ని చొరవ అంటారు. అక్కడ ఆ పనికి వేరే మనిషి ఉన్నాడు, లైను ఆపి అతను వచ్చేదాకా ఆగాలి. వాల్టర్ ఊగిపోతూ వచ్చాడు. కంగారులో "సారీ, బ్రదర్" అనేశాను. బస్సు కండక్టర్ని కూడా అన్నా అని పిలిచే అలవాటు మనది. చుట్టూ పనిచేస్తున్నవాళ్ళు తలలెత్తి చూశారు.

"ఆ మాట యూనియన్‌లో ఉన్నవాళ్ళం మాలో మేం అనుకునేది. నువ్వు మేనేజ్‌మెంట్ మనిషివి. నీకు నేను వాల్టర్‌ని, అంతే."

"ఒక్క బోల్టేగా?"

"ఇవాళ బోల్టు. రేపు దాన్ని బిగించే మనిషే అక్కర్లేదంటారు. మా నాన్న చలిలో నిలబడి సమ్మె చేసింది ఇందుకే."

నాకు ఒళ్ళు మండింది. అవతల జపాన్ కార్లు మా అమ్మకాలు మింగేస్తుంటే ఇదేం చాదస్తమనుకున్నాను. ఆ మాటే అంటే అతను ఊరుకునేవాడు కాదు. "మీ ఇంజనీర్లు గీసిన తలుపు సరిగ్గా పడకపోతే, అదీ మా నియమాల వల్లేనా?" అనేవాడు.

తర్వాత కొన్నేళ్ళకు కంపెనీ ఒక షరతు పెట్టింది. ఎవరి పని వారిదేనన్న నియమాలు సడలిస్తే కొత్త మోడల్ తయారీ మా ప్లాంటుకు, లేకపోతే గేటుకు తాళం. వాల్టర్‌ది కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న పరిస్థితి. చివరికి క్యాంటీన్‌లో బల్ల పక్కన నిలబడి, ఒప్పుకుందామని తన వాళ్ళను అడిగాడు. "ఇన్నాళ్ళూ వద్దన్నది ఈ నోరే. కానీ ప్లాంటు పోతే ఈ యూనియన్ ఎక్కడ కూర్చుంటుంది?" వెనకనుంచి ఎవరో "అమ్ముడుపోయావ్!" అని అరిచారు. అతను తలెత్తలేదు. ఓటింగులో ఆ మాట చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు నెగ్గింది. ప్లాంటు నిలిచింది. తర్వాతి యూనియన్ ఎన్నికల్లో వాల్టర్ ఓడిపోయి మళ్ళీ మామూలు కార్మికుడిగా ప్రెస్ దగ్గరికి వెళ్ళాడు. అతను నిలబెట్టిన ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళే అతని బల్ల దగ్గర కూర్చోవడం మానేశారు. అది చూడలేకపోయేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం నా ట్రే తీసుకెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"ఆ ఉప్పు ఇటివ్వు, బ్రదర్," అన్నాను.

తినడం ఆపి తలెత్తాడు. "ఆ మాట నీది కాదని చెప్పాను కదా." ఉప్పు సీసా నా వైపు జరిపాడు. "ఇప్పుడు నాదీ కాదులే."

షెడ్డులో మెకానిక్ పని ముగించి, చేతులు తుడుచుకుంటూ తాళాలందించాడు. "ఆల్ సెట్, బ్రదర్." ఎంతో మామూలుగా అన్నాడు. థాంక్స్ చెప్పి తాళాలు తీసుకున్నాను. ఆ మాటతో నన్నెవరు పిలిచినా, దానికి తగ్గ పని ఏం చేశానని ఇప్పటికీ ఒకసారి వెనక్కి చూసుకుంటాను.