సబ్బునీళ్లు నమ్మని మెకానిక్

హనుమకొండలోని ఆ మెకానిక్‌ను తలచుకుంటే నేటికీ ఒళ్లు మండుతుంది. ఏ లోపాన్నైనా చెవితోనే తేల్చేవాడు. స్ప్రింగులకు బదులు గాలితిత్తుల మీద నిలిచే నా కారు వెనుకభాగం రోజూ తెల్లవారేసరికి కుంగిపోతోందని, వెన్ను ఆపరేషనైన నా భార్యను కుదుపుల్లేకుండా ఆసుపత్రికి తిప్పాలని చెప్పాను.

“తిత్తులకు గాలి కొట్టే కంప్రెసర్ పోయింది సార్. నా చెవి ఎన్నడు తప్పు జెప్పదు,” అంటూ కొత్తది బిగించాడు.

పదకొండో రోజున అదీ కాలిపోయింది. సబ్బునీళ్లు పోసి చూడమన్నాను.

“గది పంక్చరోళ్ల పని సార్!” అని నవ్వాడు.

నేనే మోకాళ్లపై కూర్చుని, చక్రం పైనున్న గాలితిత్తి మీద పోశాను. మిగిలిన కాస్త గాలికే ముడతలోంచి బుడగలు పొంగాయి. అక్కడ కారిపోయే గాలిని నింపలేకే రెండు కంప్రెసర్లూ మాడిపోయాయని చూపించాను. అతను వంగి తాపీగా చూశాడు.

“సబ్బు జర ఎక్కువేసిన్రు సార్.”

ఆ రోజు నా భార్య ఆటోలో, పళ్లు బిగబట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది.