ఖాళీగా ఉంటేనే రాప్పా

నందికొట్కూరులో నేను కంప్యూటర్లు బాగుచేసే రోజుల్లో, రిటైరైన డ్రాయింగు సారు ఒకాయన తరచూ ఫోను చేసేవారు. ఇంట్లో ఆయన ఒక్కరే. ఎప్పుడు పిలిచినా చివర్లో "ఖాళీగా ఉంటేనే రాప్పా" అనేవారు.

ఆయన పాత ల్యాప్‌టాప్‌లో విండోస్‌కు బదులు లినక్స్ వేసింది నేనే. ఒక అప్‌డేట్ తర్వాత స్క్రీను మిణుకుమిణుకుమనడం మొదలైంది. దాంతో వచ్చిన కొత్త గ్రాఫిక్స్ డ్రైవరు, అంటే స్క్రీను మీద బొమ్మను నడిపే ప్రోగ్రాము, ఆ ల్యాప్‌టాప్‌కు పడలేదు. పాతది వేస్తే సరిపోయింది. కొన్నాళ్లకే మళ్లీ ఫోను.

"స్క్రీను మళ్ల కొట్టుకుంటాండాదప్పా."

వెళ్తే కొత్త డ్రైవరే ఎక్కి ఉండేది. ఎందుకో నాకు అంతుపట్టేది కాదు.

ఒక వేసవి మధ్యాహ్నం వెళ్లినప్పుడు టీ ఇచ్చి పక్కన కూర్చున్నారు. ఏదో పాత బడి సంగతి చెబుతూ, ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుని, పాత డ్రైవరు వేసే కమాండు తనే టకటకా కొట్టేశారు. స్క్రీను కుదురుకుంది. సారు గబుక్కున చేతులు వెనక్కి తీసుకున్నారు.

"మీకు వచ్చు కదా సార్" అన్నాను.

"పాతది పెట్టేదీ నేర్చుకుంటి, మళ్ల కొత్తది పెట్టేదీ నేర్చుకుంటినప్పా" అన్నారు తలెత్తకుండా. "ఊరికే రమ్మంటే ఎవురొస్తారు?"

ఇంకొంచెం టీ ఉందా అని అడిగాను. ఆయన గబగబా లేచి పొయ్యి వెలిగించారు.