ఆ రోజు నేను పెంచిన శ్రుతి

ఇరవై ఏళ్లుగా ఈ మాట నా నోటి దాకా వచ్చి వెనక్కి పోతోంది. భార్యతో చెప్పలేదు. కొండకు నడిచి వెళ్ళినప్పుడు అలిపిరి దగ్గర దేవుడితో చెప్పుకుందామనుకున్నాను. దేవుడితో చెప్పుకోవడం సులువని తెలిసి మానుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను.

మా నగరిలో ఇప్పటికీ జెండా పండుగ వస్తే పెద్దవాళ్ళు ఒక కథ చెబుతారు. జెండాకు పాడనని నోరు మూసుకున్న సాయిబు కథ. ఆ సాయిబు పేరు ఖాదర్. ఆ కథ పుట్టించింది నేను.

ఖాదర్ ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. స్వరాజ్యం రాకముందు మేం కొందరం తెల్లవారుతూనే దేశభక్తి పాటలు పాడుతూ వీధులు తిరిగేవాళ్ళం. పాట ఎత్తుకునేది ఖాదర్. మెడకు హార్మోనియం తగిలించుకుని వెనక నేను. అతనిది మంద్రమైన గొంతు, ఒకటిన్నర శ్రుతి. నేను శ్రుతి ఇస్తే కళ్ళు మూసుకుని అందుకునేవాడు. ఎంత ఇచ్చావని తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

స్వరాజ్యం వచ్చింది. దేశం రెండైంది. ఉత్తరాన జరిగిన ఘోరాలు పత్రికలో చదివి మా కాఫీ హోటల్లో మనుషులు కొత్తగా మాట్లాడసాగారు. మరుసటి ఏడు పండుగకు పది రోజుల ముందు ఒకడన్నాడు: "మన జెండాకి ఆయప్ప ఎత్తుకునేదేందబ్బా? మన్లో గొంతుల్లేవా?"

ఇంకొకడు నావైపు చూశాడు. కళాయి కొలిమికి తిత్తి ఊదేవాడొకడు కావాలి. నా హార్మోనియం పెట్టెకూ తిత్తి ఉంది. "కళాయాయప్పకి తిత్తి ఒత్తే పని ఈయప్పకి బాగానే కుదిరిండాది లే!" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడే చెడ్డానా? లేక అంతకుముందే నాలో ఉందా? ముందు నిలబడి పాడాలన్న ఆశ ఎప్పటినుంచో నాది. దానికి దేశం పేరు పెట్టుకోవచ్చని వాళ్ళు నాకు నేర్పారు, అంతే. ఈ దేశం ఎవరిదో ఊరికి చూపించాలి అని నాకు నేను చెప్పుకున్నాను.

పండుగ రోజు ఒకటిన్నరకు బదులు నాలుగు శ్రుతి ఇచ్చాను. పల్లవి కింది స్థాయిలో సాగుతుంది కాబట్టి నెట్టుకొచ్చాడు. ఒకసారి కళ్ళు తెరిచి నావైపు చూశాడు. నేను హార్మోనియం మెట్ల మీదికి తల వంచాను. చరణంలో జెండాను పిలిచే చోట పాట పైకి లేస్తుంది. అక్కడ అతని గొంతు అందదని నాకు తెలుసు. అందలేదు. ఆగిపోయాడు. ఆ వరస నేను అందుకున్నాను. నాది సన్నగొంతు, ఆ శ్రుతి నాకు సరిపోతుంది. పాట ముగించి జనం వైపు తిరిగాను.

"జెండా మాట కాడికొచ్చేసరికి ఆయప్పకి నోరు రాలేదు, సూసినారా!"

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు నాకు ఎంతో బాగున్నాయి. అది కూడా చెప్పాలి.

సాయంత్రం ఖాదర్ మా ఇంటికి వచ్చాడు. గడప దాటలేదు.

"శ్రుతి పెరిగిండాది గదన్నా," అన్నాడు.

"పొరపాటైంది లేప్పా."

"పొరపాటే లే. ఆ మాట నలుగుర్లో ఒక్కసారి సెప్పన్నా. పిల్లోళ్ళు వీధిలోకి పోలేకుండా ఉండారు."

"సెప్తాలే."

చెప్పలేదు. పొరపాటన్న ఆ అబద్ధం చెప్పినా అతనికి సరిపోయేది. అదీ చెప్పలేదు. ఇళ్ళ నుంచి గిన్నెలు రావడం ఆగింది. మా ఇంటి గిన్నెలు కూడా పుత్తూరుకు పంపాను. మూడు నెలలకు కొలిమి పూడ్చి, పెళ్ళాం బిడ్డలతో వేలూరు వైపు వెళ్ళిపోయాడు. శ్రుతి నేనే పెంచానని అతను ఊళ్ళో ఎవరితోనూ అనలేదు. నా మాట నమ్మాడా? తెలిసే ఊరుకున్నాడా? నమ్మి ఉంటే నా పాపం రెట్టింపు; తెలిసి ఊరుకుని ఉంటే, ఆ మనిషి ముందు నేనేమిటి?

నిరుడు అతన్ని వెతుక్కుంటూ వేలూరు వెళ్ళాను. పోయి ఆరేళ్ళైందన్నారు. కొడుకు దుకాణం కనబడేదాకా నడిచి, మెట్టెక్కలేక తిరిగి వచ్చాను.

క్షమించమని అడగడానికి మనిషి లేడు. మీరు క్షమించినా అది చెల్లదు. కింద నా పేరు రాయడం లేదు. ఆ రోజు హార్మోనియం ఎవరిదో మా ఊళ్ళో అందరికీ తెలుసు. కథ చెప్పే ఆ పెద్దల కోసం రాస్తున్నాను. ఖాదర్ జెండాకు పాడనని అనలేదు. పాడుతుంటే నేను ఆపాను.

ఇది రాశాక కాస్త ఊపిరాడుతోంది. ఆ ఊపిరికి నేను తగనని తెలుసు.