ఒకే బానలో కాపురం

గుత్తి దగ్గర పల్లెలో అయివారుగా చేరిన కొత్తలో నేను ప్రకృతి పాఠం చెప్పాల్సి వచ్చింది. ప్రకృతి బయట ఉంది, పాఠం పుస్తకంలో ఉంది, నేను రెంటికీ మధ్య గడపలో ఉన్నాను. తొలకరి అప్పుడే ఒకసారి పలకరించి పోయింది గనుక, తలా ఒక ప్రాణిని పట్టుకు రమ్మన్నాను.

మిడతలొచ్చాయి, పేడపురుగులొచ్చాయి, ఒక బోదురుకప్ప వచ్చింది. రెండో తరగతి పిల్ల ఒకతె అగ్గిపెట్టెలో ఆరుద్ర పురుగును తెచ్చింది. తొలివానకు మన్నులోంచి బయటికొచ్చే మఖమల్ లాంటి ఎర్రపురుగు. ఆ ఏడు వాన అంతంత మాత్రం. చేలన్నీ వెతికితే ఆమెకు దొరికింది అదొక్కటే.

వేరువేరుగా ఉంచితే బెంగపడతాయని పిల్లలు పట్టుబట్టారు. బడిలో ఉన్నదీ ఒకటే బాన. తడిమన్ను, గరిక వేసి అన్నింటినీ అందులో దించి, పైన గుడ్డ కట్టాం. కలిసిమెలిసి బతకడం గురించి రేపు చెబుతానన్నాను.

మర్నాడు గుడ్డ విప్పితే, కలిసిన మాట నిజమే, కప్ప పొట్టలో. మిడతలు లేవు, పేడపురుగులు లేవు. కప్ప మాత్రం పెండ్లి విందు ముగించిన మామలా కళ్లు అరమోడ్చి కూర్చుంది. సహజీవనం చెబుదామనుకుంటే ఏకభోజనమైంది.

ఆ పిల్ల ఏడవలేదు. బాన అంచు పట్టుకుని, "నాది గూడా తినేసినాదా అయివారూ?" అంది. ఆమే గరిక ఒక్కొక్క పోచా తీసింది. అడుగున, కప్ప కాలి పక్కనే, ఆరుద్ర పురుగు నింపాదిగా నడుస్తూ ఉంది. ఆ ఎరుపు నోటికి సయించదని కప్పకు ముందే తెలుసు కాబోలు. నాకు చాలా ఏళ్లకు తెలిసింది.

పురుగును అగ్గిపెట్టెలోకి ఎత్తుకుందో లేదో, మగపిల్లలు కప్పను రాళ్లతో కొడదామని లేచారు. ఆమె అడ్డం నిలబడింది.

"దాన్నేమిటికి కొట్టేది? ఆకలైతే తినదా? గుడ్డ గట్టింది మనమే గదప్పా."

నేను చెప్పాల్సిన పాఠంలో సగం అట్లా ఆమే చెప్పేసింది. మిగతా సగం, బానను చేనిగట్టు మీదికి మోసుకెళ్లి చెప్పాను: మిడత వేరుశనగ ఆకు తింటుంది, కప్ప మిడతను తింటుంది, కప్పే లేకపోతే మన చేను మిడతల పాలు. చెబుతూ బాన వంచాను. పూర్తిగా వినకుండానే కప్ప గెంతింది.

అగ్గిపెట్టె మాత్రం ఆమె పిడికిట్లోనే ఉంది. నేను అడగలేదు. చాలాసేపటికి తనే తెరిచి, పురుగును చెమ్మ నేల మీద వదిలింది.

"మళ్లా వానొస్తాదా అయివారూ? వస్తే ఇది గూడా వస్తాదా?"

"రెండూ వస్తాయమ్మా," అన్నాను.

అనంతపురం జిల్లాలో వానకు పూచీ పడ్డ సర్కారు నౌకరు నేనొక్కణ్ణే అయి ఉంటాను.