మా అమ్మ వేయని కొసరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అమ్మకం అంటే మగవాళ్ళ వ్యవహారం. పత్తి, మిరపకాయలు బండెక్కి గుంటూరు వెళ్ళేవి, అక్కడ దళారి ఎంతంటే అంతకే తెగేవి, నాన్న ముఖం మాడ్చుకుని తిరిగొచ్చేవాడు. ఏటా ఇదే చూసి విసిగిపోయిన మా అమ్మ, బావి పక్కన తను పెంచిన వంకాయలను తనే మంగళవారం సంతలో అమ్ముతానంది. రైతు ఇంటి ఆడది గోనెపట్టా పరుచుకుని సంతలో కూర్చోవడమేమిటని మా నాయనమ్మ అలిగి అన్నం మానేసింది.

మొదటి వారం బుట్ట ఎలా వెళ్ళిందో ఇంచుమించు అలాగే తిరిగొచ్చింది. రెండో వారమూ అంతే. వడలిపోయిన కాయలు గేదెకు వేస్తుంటే నాన్న చూసి, "ఇంకొక్క వారం ఆగుతాను. మళ్ళీ ఇలాగే మోసుకొస్తే ఆ చెట్లు పీకించి మిరప నాటిస్తా" అన్నాడు. అమ్మ పుట్టింటి నుంచి విత్తనం తెచ్చుకుని, కడవలతో నీళ్ళు మోసి పెంచుకున్న చెట్లవి. మూడో వారం బడి ఎగ్గొట్టి నేనూ అమ్మ వెంట వెళ్ళాను.

అమ్మ పోగులు పెడుతుంటే నాకు గర్వంగా అనిపించింది. కూలీలకు అన్నం వడ్డించినట్టే పెట్టింది, ఇంకొక్క కాయ పెడితే జారిపడేంత నిండుగా. మా పక్కన ఒక బూబమ్మ కూర్చుంది. అమ్మకన్నా వయసులో చాలా పెద్దది. ఆమె అమ్మేదీ వంకాయలే, ధరా ఒకటే. ఆమె పోగులు మావాటికన్నా చిన్నవి, కాయలు కూడా మావాటిలా నవనవలాడేవి కావు. అయినా జనమంతా ఆమె ముందే.

పొద్దున్నే ఒకావిడ వచ్చి మా పోగు ఒకటి సంచిలోకి ఎత్తుకుంది. సంచి నోరు తెరిచి పట్టుకుని కొసరు వెయ్యమంది. "ముందే నిండుగా పెట్టానండీ, ఇంక వెయ్యను" అంది అమ్మ. ఆవిడ కాయలన్నీ మళ్ళీ పట్టా మీద కుమ్మరించేసింది.

"బోణీ బేరానికి కూడా చెయ్యి రాదేం తల్లీ నీకు?" అంటూ పక్కకు జరిగి, బూబమ్మ దగ్గర చిన్న పోగు కొంది. పైన రెండు కాయలు సంచిలో పడగానే నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రెండూ కలిపినా అది మా పోగంత కాలేదు. వెనకాలే పరిగెత్తి సంచి లాక్కుని చూపిద్దామనిపించింది. తర్వాత వచ్చినవాళ్ళూ అంతే. కాయ నొక్కి చూడటం, తొడిమ గిల్లటం, ఎత్తుకోవటం, కొసరు అడగటం, లేదంటే కుమ్మరించి పోవటం. అమ్మ అందరికీ అదే మాట ఓపిగ్గా చెబుతూ కూర్చుంది. ఎండెక్కేకొద్దీ వాళ్ళ మీది కోపం అమ్మ మొండితనం మీదకు కూడా తిరిగింది నాకు.

బూబమ్మ సరుకు అయిపోయింది. ఆమె పట్టా మడిచి చంకలో పెట్టుకుని, ఇంటికి పోకుండా మా ముందుకొచ్చి కూలబడింది. అడగనైనా అడగకుండా మా ఒక్కో పోగు మీంచీ రెండు మూడు కాయలు తీసి అమ్మ ఒళ్ళో పోసింది. కొసరు అడిగినవాళ్ళకు అందులోంచి వెయ్యమంది.

"వాళ్ళవి తీసి వాళ్ళకే ఇచ్చి మెప్పు పొందమంటావా?" అంది అమ్మ.

"నువ్వు ముందే పెట్టావని వాళ్ళకేం తెలుస్తుందమ్మా? పోగులో ఉన్నవి వాళ్ళు కొనుక్కున్నవి. చేత్తో వేసినవే నువ్విచ్చినవి" అంది బూబమ్మ, నడుం పట్టుకుని లేస్తూ.

అంతలో ఇంకొకామె వచ్చి సంచి చాపింది. అమ్మ చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. ఈసారీ వేయనంటుందేమో, చెట్లు పోయినట్టేననుకున్నాను. అమ్మ నిండుగా ఉన్న బుట్టవైపు ఒకసారి చూసి, మూడు కాయలు తీసి సంచిలో వేసింది. "చల్లని చెయ్యమ్మా నీది" అని వెళ్ళిందామె. ఆ మాటకు అమ్మ ముఖం చిన్నబోయింది.

సాయంత్రం ఖాళీ బుట్ట చూసి నాన్న, రేపటి నుంచి ఆ చెట్లకు మోట నీళ్ళు మళ్ళిస్తానన్నాడు. నాయనమ్మ మాత్రం సంతలో ఎవరెవరు చూశారని అడిగింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు అమ్మ సంతకు వెళ్ళింది. ప్రతిసారీ ముందు పోగు నిండుగానే పెట్టేది. తర్వాత ఒక నిట్టూర్పు విడిచి, పైనున్నవి తీసి ఒళ్ళో వేసుకునేది.

ఇప్పుడు మా వీధిలోకి కూరల బండి వస్తుంది. నేను కొసరు అడగను. కానీ ఆ అబ్బాయి తనంతట తానే గుప్పెడు పచ్చిమిరపకాయలు సంచిలో వేస్తాడు. వాటి ఖరీదు కూరల ధరలోనే ఉందని, అవీ నా పోగులోంచి తీసినట్టేనని నాకు తెలుసు. అయినా నా ముఖం విప్పారుతుంది. అలా విప్పారినందుకు, నిండు పోగుల ముందు ఎండలో కూర్చున్న మా అమ్మ గుర్తొచ్చి, ఇంట్లోకి వచ్చేదాకా నా మీద నాకే కోపం.