వాకిట్లో వెలిసిన సర్పంచ్ బొమ్మ

నా చిన్నప్పుడు మియాపూర్ పక్కన మా ఊళ్లో మేడలు లేవు, మెట్రో లేదు, ఉన్నవల్లా ద్రాక్షతోటలు. వాటిలో పెద్ద తోట మా సర్పంచ్‌ది. ఒక ఎండాకాలం మా గల్లీ నల్లాలో నీళ్లు ఆగిపోయాయి. వాటంతటవి ఆగలేదు లెండి, ఆయనే ఊరి ట్యాంకు పైపును తన తోటలోకి తిప్పుకున్నాడు. అక్కడ తీగలు పచ్చగా నిగనిగలాడుతుంటే ఇక్కడ మేము బిందెలు పట్టుకుని పక్క ఊరి బావి దాకా నడిచేవాళ్లం. సంగతి అందరికీ తెలుసు. అడిగే మొనగాడే ఒక్కడూ లేడు.

మొనగాడు లేకపోతేనేం, మా పక్కింటి అక్క ఉంది. ముగ్గు పెట్టడంలో ఊళ్లో ఆమెను మించినవాళ్లు లేరు. నీళ్లు లేక వాకిట్లో పేడనీళ్ల సాన్పు చల్లడం కూడా మానేసిన రోజులవి. ఒక పొద్దున ఆమె ఒట్టి మట్టి మీదే ముగ్గు మొదలుపెట్టింది. చుక్కలు లేవు, పద్మాలు లేవు. తలపాగా చుట్టిన మనిషి నల్లాకు నోరు పెట్టి గటగటా తాగుతున్నాడు. పొట్ట ఉండాల్సిన చోట ద్రాక్షగుత్తి. వెనకాల ఖాళీ బిందెలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నాయి. అది ఎవరో చెప్పనక్కర్లేదు.

నేను పడీపడీ నవ్వాను. సర్పంచ్‌కు పుట్టుకతోనే ఒక కాలు కొంచెం కుంటు. ఆ కుంటికాలు కూడా వెయ్యక్కా, మస్తుంటది అన్నాను. అక్క గుప్పిట్లో పిండి అలాగే పట్టుకుని నా వైపు గుర్రుగా చూసింది.

"కాలు ఆయన చేసుకున్నదా? దేవుడిచ్చిండు. నల్లా తిప్పుకున్నది మాత్రం ఆయనే. గదే వేస్త."

కాసేపటికి సర్పంచ్ మనిషి వచ్చాడు. చెప్పుకాలితో బొమ్మంతా చెరిపేసి, ఒళ్లు దగ్గర పెట్టుకోమని బెదిరించి పోయాడు. మా అమ్మ హడలిపోయింది. నీకెందుకే ఈ లొల్లి, ఊళ్లోంచి వెళ్లగొడితే ఎక్కడికి పోతావు అని అక్కను కోప్పడింది.

"ముగ్గే గద వదినా, ఎట్లయిన రేపు పొద్దుగాల మళ్ల వెయ్యాల్సిందే" అంది అక్క.

అన్నట్టే మర్నాడు మళ్లీ వేసింది. మళ్లీ చెరిపారు. ఆ పైరోజు ఎదురింటి వాకిట్లో కూడా అదే బొమ్మ లేచింది. తర్వాత గల్లీ అంతా పాకింది. ఆఖరికి మా అమ్మ కూడా వేసింది! వంకరటింకరగా వేసింది, అయినా ఆ రోజు మా అమ్మను చూస్తే నాకు ఎంత గర్వమనిపించిందో.

సరిగ్గా ఆ పొద్దునే తోట చూడ్డానికి పట్నం నుంచి ఒక ఆఫీసరు వస్తున్నాడు. జీపు మా గల్లీలోంచే పోవాలి. సర్పంచ్‌కు చెమటలు పట్టాయి. వాకిళ్లన్నీ కడిగెయ్యమని ట్రాక్టరు మీద డ్రమ్ముల నిండా నీళ్లు పంపించాడు. ఎవరి నీళ్లు? మావే!

"బిందెలు తేండ్రి!" అని అక్క ఒక్క కేక వేసింది. ఆడవాళ్లందరూ ట్రాక్టరు చుట్టూ మూగారు. చుక్క నేలపాలు కాకుండా పట్టేసుకున్నారు. జీపు వచ్చేసరికి బిందెలు నిండి ఉన్నాయి, బొమ్మలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఆఫీసరు దిగి వాకిలి వాకిలీ చూశాడు. ఈ పైపు ఎటు పోతుందయ్యా అని అడిగాడు. సర్పంచ్ నీళ్లు నమిలాడు. ఆ వారంలోనే మా నల్లా బుస్సుమంది.

నీకు భయం కాలేదా అని తర్వాత అక్కను అడిగాను.

"ఎందుక్కాలే బిడ్డా, మస్తు భయమైంది. గని దూప అంతకన్న ఎక్కువైంది" అంది.

ఆ దాహమే నా చేత పెన్ను పట్టించింది. ఏళ్ల తరబడి పత్రికలకు కార్టూన్లు వేశాను. ఇప్పుడు ఆ తోటల చోటే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. మొన్న మా పక్కన చెరువులో మట్టి పోయిస్తున్న నాయకుడి మీద ఒక బొమ్మ గీసి లిఫ్టులో అంటించాను. సాయంత్రానికి ఎవరో చింపేశారు. ఎదురు ఫ్లాటు ఆవిడ పాపం నా మంచికోరి, "పెద్దవారు, ఈ వయసులో మీకెందుకండీ ఈ గొడవలు?" అంది.

ఎందుకేమిటి, ఒళ్లు మండుతోంది కనుక! ఎవరైనా సరే, పుట్టుకతో తెచ్చుకున్నదాని జోలికి నేను పోను. చేసిన పనిని మాత్రం చచ్చినా వదలను.