మొదటి కార్డు మీద గారు

జగదల్‌పూర్‌లో వీడియో డిప్లొమా చదివేటప్పుడు మాకిచ్చిన ఆఖరి ప్రాజెక్టు ఇది: లేని సినిమాకు మొదట్లో పడే టైటిల్స్ తయారు చెయ్యాలి. నచ్చిన సినిమాల టైటిల్స్ చూసి ప్రేరణ తీసుకోమన్నారు మా సార్. తోటివాళ్లు విదేశీ సినిమాలు పట్టుకున్నారు. అన్నీ నీడలూ, రక్తపు చుక్కలూ, పరుగెత్తే అక్షరాలూ. నేను తెలుగు సినిమాలు పట్టుకున్నాను. జనం సీట్లు వెతుక్కుంటూ వదిలేసే ఆ మూడు నిమిషాలు నాకు మా ఇంటి పద్ధతిలా కనిపించాయి. ముందు దేవుడి పటం, తర్వాత దండ వేసిన పెద్దాయన ఫొటో, తర్వాత సాయం చేసినవారి పేర్లు, అప్పుడు బిరుదుతో సహా హీరో. ఎవరి తర్వాత ఎవరో తెలిసినవాళ్లు తీసినవి అవి.

మా ముత్తాతకు మూడు బిరుదులుండేవి. మా ఊరు గొల్లపల్లి చుట్టుపక్కల ఆయన పేరు వట్టిగా ఎవరూ పలికేవారు కాదు. ఇప్పుడు మాకు మిగిలింది రెండు గదులు, కాస్త పొలం, ఆ బిరుదులు. నా సినిమాకు హీరో ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఆయన కూర్చున్న టేకు కుర్చీ మీదికి కెమెరా మెల్లగా వెళ్తుంది, కుర్చీ చేతుల మీద చెక్కిన సింహాల తలలు వెలుగుతాయి, ఒక్కో బిరుదూ పైకి లేస్తుంది. అంతా కాగితం మీద గీసుకున్నాను.

కుర్చీ మాత్రం మా ఇంట్లో లేదు. ఒకప్పుడు మా పొలాల్లో పనిచేసినవాళ్లింట్లో ఉంది. దాచిపెట్టమని ఇచ్చామని మావాళ్లంటారు. మా మేడ కూలిన వానాకాలం బురదలో పడి ఉంటే ఎత్తుకొచ్చుకున్నామని వాళ్లంటారు.

ఆ ఇంటి పెద్దావిడను మా ఇంట్లో చిన్నా పెద్దా పేరు పెట్టే పిలిచేవారు. నాకంటే నలభై ఏళ్లు పెద్దది. పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు, వరస కలపడానికి మనసు రాలేదు. అందుకని ఏమీ పిలవకుండా గుమ్మం ముందు నిలబడి దగ్గాను.

"ఏంది చిన్నదొరా, జలుబా?" అంటూ బయటికొచ్చింది.

కుర్చీ వసారాలోనే ఉంది. దాని మీద గంప, గంపలో కోడి.

"పదకొండు గుడ్ల మీదున్నది. ఇప్పుడు లేపితే మళ్ల కూసుంటదో లేదో."

కుర్చీని సినిమా తియ్యాలనీ, అది సోమవారంలోగా కాలేజీలో ఇవ్వకపోతే నా ఏడాది పోతుందనీ చెప్పాను. చెప్పేటప్పుడు కూడా నిటారుగానే నిలబడ్డాను.

"సినిమానా? ఐతే ముందుగాల పడే కార్డు నాదే ఉండాలె. ఇల్లిచ్చినోళ్లకు, బండిచ్చినోళ్లకు ఏస్తరు గదా."

"వేస్తాను."

"పేరెనక గారు ఉండాలె."

మా ఇంట్లో గారు అనే మాట కలెక్టర్లకూ అల్లుళ్లకూ వెళ్లేది. ఆ గుమ్మం వైపు ఎన్నడూ వెళ్లలేదు.

"నాకు సదువు రాదని తప్పించుకునేవు. పేర్లు సదవరాదు గని గారు ఎట్లుంటదో నాకెరుకే. ప్రతి సినిమాల సూస్త. ముందు గొడుగు లెక్కుంటది, దానెనక గుండు లెక్కుంటది, గుండుకో తోక."

"వేస్తానన్నాను కదా," అన్నాను.

గంపతో సహా కోడిని ఎత్తి లోపల పెట్టింది. కోడి పోతూ పోతూ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కుర్చీని కొంగుతో తుడిచిచ్చింది. పది నిమిషాల్లో పని ముగించాను. ఆ పది నిమిషాల్లోనే "అయిందా? గుడ్లు సల్లారుతయ్" అని నాలుగుసార్లు అరిచింది.

జగదల్‌పూర్ బస్సులో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కార్డు తయారుచేశాను. ఆమె పేరు, 'గారికి కృతజ్ఞతలు'. తోంగ్‌పాల్‌లో బస్సు టీకి ఆగినప్పుడు మళ్లీ చూస్తే గొడుగుంది, గుండుంది, తోక లేదు. గారు కాస్తా గారికి అయ్యేసరికి ఊడిపోయింది. వ్యాకరణం ప్రకారం నేను మాట తప్పలేదు. హిందీ మాట్లాడే మా సార్‌కు తెలుగు రాదు, క్లాసులో మరెవరికీ రాదు. ఆమెకు మాత్రం ఆ తోక ఒక్కటే వచ్చు. టీకి దిగకుండానే వాక్యం తిరగరాశాను: 'కుర్చీ ఇచ్చి ఆదరించినవారు శ్రీమతి', ఆమె పేరు, గారు.

క్లాసులో మొదటి కార్డు దగ్గరే సార్ ఆపించి, ఇది మీ ముత్తాత పేరా అని హిందీలో అడిగారు. అవునంటే అయిపోయేది.

"కాదు సార్. కుర్చీ ఈమెది."

"చివర ఈ రెండక్షరాలేమిటి?"

"మీ 'జీ' లాంటిది సార్. కాస్త బరువెక్కువ."

ప్రాజెక్టు గట్టెక్కింది.

సెలవుల్లో ఆ టైటిల్స్ ఫోన్‌లో పెట్టుకుని ఆమెకు చూపించడానికి వెళ్లాను. తొమ్మిది కోడిపిల్లలు కుర్చీ కింద తిరుగుతున్నాయి. ఆమె మొదటి కార్డు మీద వేలు పెట్టి గొడుగు, గుండు, తోక సరిచూసుకుంది. తర్వాత మా ముత్తాత బిరుదులు లేచాయి. వెనక్కి తిప్పించి మళ్లీ చూసింది.

"మీ ముత్తాత కాడ గారు లేదేంది?"

"బిరుదులకే చోటు సరిపోలేదు పెద్దమ్మా," అన్నాను. ఆ పిలుపు దానంతట అదే వచ్చింది.

"అయ్యో పాపం," అంది.